రాతి బోర్లలో పరీక్షలకు వెళ్లే ముందు

మన గోదావరి డెల్టావాళ్లకి బోరు నీళ్లంటే ఇసుకలో నీళ్లే. ఫిల్టర్ పాయింటు (ఇసుకలోకి దించే జల్లెడ గొట్టం) ఇక్కడ దించినా, ఆ గట్టు అవతల దించినా నీళ్లు పడతాయి. అదే అలవాటుతో వేసవిలో గోకవరం దాటి రంపచోడవరం వైపు బోర్లు పరిశీలించడానికి వెళ్తే దెబ్బ తింటాం. అక్కడ అడుగున ఖోండలైటు రాయి. పైన గుల్లబారిన పొర దాటాక నీళ్లు దొరికేది పగుళ్లలోనే. పగులు వెడల్పు రెండింతలైతే దాంట్లో పారే నీరు సుమారు ఎనిమిదింతలవుతుంది, అందుకే పక్కపక్కనే ఉన్న రెండు బోర్లలో ఒకటి పొంగి పోస్తుంది, రెండోది దుమ్ము కక్కుతుంది.

ముందు ప్రాణం సంగతి. చాలా మోటార్లకి ఆటో స్టార్టర్లుంటాయి, త్రీఫేజు కరెంటు రాగానే ఎవరూ నొక్కకుండానే తిరుగుతాయి. స్విచ్ ఆపాం కదా అనుకోవద్దు. మెయిన్ ఆపించి, తెలిసినవాళ్ల చేత ఫ్యూజులు పీకించి, పనయ్యేదాకా వాటిని మీ జేబులోనే ఉంచుకోండి. స్టార్టర్ డబ్బా తెరిచేముందు కర్రతో రెండు సార్లు తట్టండి, పాములుంటాయి. మెరుపులు మొదలైతే మట్టం కొలిచే తీగ బోరులో ఉన్నా సరే, వదిలేసి దూరంగా వెళ్లిపోండి.

నీటిమట్టం కొలిచే తీగ దగ్గర నేనొకసారి తొందరపడ్డాను. మోటారు పైపుకి, కేసింగుకి (బోరు గోడకి వేసే బయటి గొట్టం) మధ్య సందులోంచి దించుతుంటే ఎక్కడో చుట్టుకుంది, నేను బలంగా లాగాను, తీగ తెగి కొన లోపలే ఉండిపోయింది. చెయిన్ పుల్లీ తెచ్చి మోటారు మొత్తం పైకి తీయాల్సొచ్చింది, రెండు రోజులు ఆ రైతు వంగతోటకి నీళ్లు లేవు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. మోటారున్న బోరులో సన్నటి ప్లాస్టిక్ పైపు దించి, దాని లోపలే తీగ వదలండి. తట్టుకుంటే లాగకండి, కాస్త వదులు చేసి తిప్పి చూడండి. కొలత కేసింగు అంచు నుంచి తీసుకుంటే, ఆ అంచు నేలకి ఎంత ఎత్తులో ఉందో కూడా రాసుకోవాలి.

మోటారు నడిపి పరీక్ష చేసేముందు కనీసం ఒక రోజంతా ఊరికే మట్టం రాయండి, చుట్టుపక్కల ఎవరు ఏ టైముకి నీళ్లు తోడతారో ఇంటింటికీ వెళ్లి అడగండి. మోటారు నడిపితే ఇరవై మీటర్ల దూరంలో ఉన్న బోరులో మట్టం కదలకపోవచ్చు, రెండొందల మీటర్ల అవతలి బోరులో గంటలోపే దిగొచ్చు, పగులు అటు పోతోందన్నమాట.

బోరు నీళ్లలో ఉప్పు కలిపి, ఏ లోతున అది ముందు పలచబడుతుందో చూస్తే నీరు ప్రవహించే పగులు దొరుకుతుంది. ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకి 21 లీటర్ల నీరే ఉంటుంది, 60 మీటర్ల నీటికి కిలోంపావు ఉప్పు చాలు. తాగే బోరులో మాత్రం వద్దు, దాని దగ్గర్లోనూ వద్దు. ఇసుక వడగట్టినట్టు పగులు వడగట్టదు. ఏది పోసినా నేరుగా పక్కవాళ్ల బిందెలోకి చేరొచ్చు.

ఇదే కారణంతో వానలకి ముందే కేసింగు నేలకి అడుగైనా ఎత్తులో ఉందా, చుట్టూ సిమెంటు దిమ్మె ఉందా చూడండి, లేకపోతే తొలి వరదకే పేడనీళ్లు లోపలికి దిగుతాయి. వాడని బోర్లకి ఇనుప మూత బిగించాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. టీకి వెళ్లినా సరే మూత పెట్టే వెళ్లండి, చుట్టూ పిల్లలు చేరతారు. సాయంత్రం మూత నట్లు బిగించాకే సామాను బండెక్కించండి.