నర్సులు, డైటీషియన్లు కేసు షీట్‌లో ఎలా రాయాలంటే

"డైట్ చెప్పాం" అని రాసి వదిలేయకండి. వైద్యంలో లోపం జరిగిందని పేషెంటు వాళ్లు కన్స్యూమర్ కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి రెండేళ్ల గడువుంది. అప్పటికి మీకేదీ గుర్తుండదు, కేసు షీటే దిక్కు. కిడ్నీ పేషెంటైతే ఇలా రాయండి: "సా. 4:10. పొటాషియం 5.8 (ఎక్కువ), డాక్టర్‌కు తెలిపాం. పొటాషియం ఎక్కువుండే కొబ్బరినీళ్లు, అరటిపండు, బత్తాయి రసం వద్దని కొడుక్కి ఉర్దూలో చెప్పాం, తిరిగి చెప్పించుకున్నాం." మన హైదరాబాద్‌లో ఏ భాషలో చెప్పారో తప్పక రాయాలి, మాకు అర్థం కాలేదనే వాదన అక్కడే మొదలవుతుంది.

డాక్టర్ ఫోన్‌లో ఆర్డర్ ఇస్తే మందు, డోసు తిరిగి చదివి వినిపించి టైమ్ వేయండి, డాక్టర్ రాగానే సంతకం తీసుకోండి. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన సంతకం, తేదీ, టైమ్. వైట్‌నర్ మాత్రం అస్సలు వద్దు, కింద ఏదో దాచారనే అనుమానం వస్తుంది. మర్చిపోయింది తర్వాత రాస్తే "ఆలస్యంగా రాసినది" అని పెట్టి, రాస్తున్నప్పటి టైమే వేయండి.