రోహిణి కార్తెకు ముందే: జంట టర్బోల ఎంపికలో జాగ్రత్తలు

డిసెంబరు చలిలో ట్యూన్ చేసిన ఇంజన్ చక్కగా లాగిందంటే మే నెలలోనూ అలాగే లాగుతుందన్న భరోసా లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు చెప్పిన నేల మనది. నల్గొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ టర్బోలు (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే యంత్రాలు) కొనేవారు 45 డిగ్రీల గాలిని లెక్కలో పెట్టుకున్నాకే బేరానికి దిగాలి.

అసలు రెండు టర్బోలు అవసరమా అన్నది ముందు తేల్చుకోవాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు మంచి ట్విన్-స్క్రోల్ టర్బో (ఇంజన్ పొగ రెండు వేర్వేరు దారుల్లో వచ్చి తిప్పేది) ఒక్కటి చాలని, రెండోది ఖర్చును, వేడిని, పైపుల చిక్కును పెంచడం తప్ప చేసేదేమీ లేదని నా గట్టి అభిప్రాయం. ఆరు సిలిండర్లుంటే మూడేసి సిలిండర్లకు ఒక్కో టర్బో చొప్పున అమర్చడం సబబు. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్‌లోని ఆర్‌బీ26 ఇంజన్‌ది ఈ పద్ధతే. టయోటా సుప్రాలోని 2జేజెడ్-జీటీఈలో మొదట ఒకటి, వేగం పెరిగాక రెండోది తోడయ్యే ఏర్పాటు ఉంటుంది. అది నడపడానికి హాయిగా ఉన్నా, దాన్ని నియంత్రించే వాల్వులూ రబ్బరు గొట్టాలూ వేడికి గట్టిపడి పగిలినప్పుడు లోపం ఎక్కడుందో పట్టుకోవడం కష్టం కాబట్టి, కొత్తగా కట్టే ఇంజన్‌కు నేను దాన్ని సూచించను.

సైజు ఎంపికకు కంప్రెసర్ మ్యాప్ (ఏ పీడనం దగ్గర టర్బో ఎంత గాలి నెట్టగలదో చూపే పటం) ఒక్కటే ఆధారం. 500 హార్స్‌పవర్‌కు పెట్రోల్ ఇంజన్ నిమిషానికి రమారమి 50 పౌండ్ల గాలి పీల్చుతుంది, అంటే ఒక్కో టర్బో వాటా 25. అయితే మన ఎండనూ, సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల దాకా ఎత్తున ఉన్న మన ఊళ్లలోని పలుచటి గాలినీ, ఫిల్టర్ దగ్గర తగ్గే పీడనాన్నీ కలిపి మ్యాప్ ప్రమాణాలకు సరిదిద్దితే ఆ 25 కాస్తా 26 నుంచి 28 వరకు చేరుతుంది. ఆ బిందువు మ్యాప్ కుడి అంచున పడితే టర్బో పరిమితికి మించి తిరుగుతుంది. అలాగని మరీ పెద్దది తెస్తే తక్కువ ఆర్‌పీఎం దగ్గర సర్జ్ గీతను (గాలి వెనక్కి తన్నడం మొదలయ్యే హద్దును) తాకుతుంది.

వేడి లెక్క ఇంకా కఠినమైనది. 72 శాతం సామర్థ్యంతో గాలి పీడనాన్ని రెట్టింపు చేసే టర్బోలో 25 డిగ్రీల గాలి సుమారు 115 డిగ్రీలకు చేరితే, 45 డిగ్రీల గాలి సుమారు 140కి చేరుతుంది. ఈ తేడాను ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ మోయలేకపోతే నాకింగ్ (సిలిండర్‌లో ఇంధనం తనంతట తానే పేలడం) మొదలై పిస్టన్లు దెబ్బతింటాయి. కాబట్టి ఇంటర్‌కూలర్‌లో పొదుపు వద్దు. నాకింగ్‌ను ఎక్కువగా తట్టుకున్నా, దొరికే చోటే దొరికే 100 ఆక్టేన్ పెట్రోల్‌ను నమ్ముకుని ట్యూన్ చేయించవద్దు. దేవరకొండ బంకులోనో అచ్చంపేట బంకులోనో పోయించగలిగే పెట్రోల్‌తోనే చేయించాలి. అందులో ఇథనాల్ కలుస్తోంది కనుక ఇంధనం ఎక్కువ పడుతుంది, అందుకే ఇంజెక్టర్లకూ పంపుకూ కొంత మిగులు సామర్థ్యం ఉండాలి.

పాత టర్బోల జత కొనేటప్పుడు రెండింటి పార్ట్ నంబర్లు, ట్రిమ్ (చక్రం కొలతల నిష్పత్తి), ఏ/ఆర్ (హౌసింగ్ కొలతల నిష్పత్తి) ఒకటేనా అని సరిచూడాలి. కంప్రెసర్ చక్రం మధ్యనున్న నట్టును రెండు వేళ్లతో పట్టి ముందుకూ వెనక్కూ కదపాలి. ఆ దిశలో ఆట చేతికి తెలిసిందంటే థ్రస్ట్ బేరింగ్ అరిగినట్టే. పక్కలకు కొద్దిపాటి ఆట మామూలు బేరింగ్‌లో సహజమే గానీ, రెక్క గోడను తాకకూడదు. రెక్కల అంచును గోటితో తడిమి చూస్తే, దుమ్ము తిన్నదైతే నునుపు పోయి గరగరగా తగులుతుంది. మిర్యాలగూడ రైసుమిల్లుల ఊక దుమ్ములోనూ ఎర్రమట్టి రోడ్ల మీదా తిరిగే బండికి ఫిల్టర్ లేని గాలి గొట్టం పెట్టడం ఏ విధంగానూ తగదు.

రెండు టర్బోల ఆయిల్ రిటర్న్ పైపులూ కిందికి వాలుగా, సంప్‌లోని (ఇంజన్ అడుగు తొట్టిలోని) ఆయిల్ మట్టానికి పైన కలవాలి. గట్టిగా నడిపాక ఇంజన్‌ను వెంటనే ఆపకుండా కాసేపు ఐడిల్‌లో ఉంచాలి, లేకుంటే బేరింగ్‌లో ఆయిల్ మాడి గడ్డకడుతుంది. ఆయిల్ అలా మాడకుండా ఉండాలంటే నీటితో చల్లబడే బేరింగ్ హౌసింగ్ ఉన్న టర్బోలే మేలు.

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధమైన మార్పులు చేయరాదు. 182ఎ సెక్షన్ ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పిస్తోంది. కాబట్టి ఇలాంటి బండిని జడ్చర్ల హైవే మీద పరీక్షించకుండా, ట్రైలర్‌పై చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో కోయంబత్తూరుకో తీసుకుపోవాలి. చివరి ట్యూనింగ్‌ను మాత్రం ఏప్రిల్ మధ్యాహ్నం డైనో (బండి శక్తిని కొలిచే యంత్రం) మీద చేయించి, ఇంజన్‌లోకి వెళ్లే గాలి వేడి పెరిగిన కొద్దీ బూస్టునూ (టర్బో ఇచ్చే పీడనాన్నీ) ఇగ్నిషన్ టైమింగ్‌నూ ఈసీయూ (ఇంజన్‌ను నియంత్రించే కంప్యూటర్) తనంతట తానే తగ్గించేలా అమర్చమని ట్యూనర్‌ను తప్పక అడగాలి.