కరెంటు పోయి వచ్చాక ప్రొఫైళ్లలో ప్రాక్సీలు ఆగిపోతుంటే: సమస్య – పరిష్కారం

చీమకుర్తి గ్రానైట్ ఎగుమతిదారు ప్రకటన జర్మనీలో ఎలా కనిపిస్తోందో చూడటానికి ఒక ప్రొఫైలు, రొయ్యల మేత డీలరు పేజీకి ఒకటి, చేపల పులుసు హోటలు పేజీకి మరొకటి: ఇలా యాంటీడిటెక్ట్ బ్రౌజర్‌లో (ఒక్కో ప్రొఫైలు వేరే కంప్యూటర్‌లా కనిపించేలా చేసే బ్రౌజర్) ఖాతాదారుకొక ప్రొఫైలు, ప్రొఫైలుకొక ప్రాక్సీ (మన బదులు తన ఐపీతో, అంటే తన ఇంటర్నెట్ చిరునామాతో, సైటుకు వెళ్లే మధ్యవర్తి సర్వర్) పెట్టుకుని నెల్లూరు, ఒంగోలు ఆఫీసుల్లో పనిచేసేవారి కోసం ఇది రాస్తున్నాను. ప్రొఫైలు తయారుచేయడం, ప్రాక్సీ కొనడం, సెట్టింగుల్లో గడులు నింపడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఆ ఖాతాలు నడపడానికి యజమానుల అనుమతి మీకు ఉందని, ఆయా వేదికల నిబంధనలు చదివారని కూడా అనుకుంటున్నాను. అవి లేనప్పుడు కింద రాసిన ఏ పరిష్కారమూ మీకు పనికిరాదు.

ముందుగా చేయవలసిన పరీక్ష

ఏ లక్షణం కనిపించినా సరే, బ్రౌజర్‌ను పక్కనపెట్టి ప్రాక్సీ ఒక్కదాన్నే పరీక్షించండి. ఈ పని చేయకుండానే ప్రొఫైలు తీసేసి కొత్తది సృష్టించడం, బ్రౌజర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, చివరికి కంప్యూటర్‌నే ఫార్మాట్ చేయడం చాలా ఆఫీసుల్లో చూశాను. కుకీలు, లాగిన్‌లు అన్నీ పోయాక తెలిసేది తప్పు ప్రాక్సీ దగ్గర ఉందని. విండోస్ 10 లో 2018 నుంచి కర్ల్ అనే చిన్న సాధనం వ్యవస్థతో పాటే వస్తోంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, కర్ల్‌కు మైనస్ ఎక్స్ (-x, చిన్న అక్షరం) ఐచ్ఛికంతో మీ ప్రాక్సీ చిరునామాను, పోర్టును, యూజర్ నేమ్‌ను, పాస్‌వర్డ్‌ను ఇచ్చి, ఐపీ చూపించే ఏదైనా సైటును అడగండి. మైనస్ వీ (-v, ఇదీ చిన్న అక్షరమే) కూడా జోడిస్తే ప్రాక్సీ ఇచ్చిన జవాబు మొత్తం తెరమీద కనిపిస్తుంది. ఇక్కడ ప్రాక్సీ ఐపీ వస్తే లోపం ప్రొఫైలు సెట్టింగుల్లో ఉన్నట్టు. రాకపోతే బ్రౌజర్‌ను ముట్టుకోవలసిన అవసరమే లేదు.

ప్రొఫైలులో ఏ పేజీ తెరుచుకోకపోతే

ప్రాక్సీ కనెక్షన్ ఫెయిల్డ్ అని వస్తే, మీ కంప్యూటర్ ప్రాక్సీ సర్వర్ దాకా వెళ్లలేకపోయిందని అర్థం. చిరునామాలోనో పోర్టులోనో తప్పు ఉండవచ్చు, లేదా కొన్న ప్యాకేజీ గడువు ముగిసి ఉండవచ్చు. టనెల్ కనెక్షన్ ఫెయిల్డ్ అని వస్తే ప్రాక్సీ దాకా వెళ్లింది కానీ అది మిమ్మల్ని ముందుకు పోనివ్వలేదని అర్థం. కర్ల్‌లో 407 అనే సంఖ్య కనిపిస్తే మీరెవరో ప్రాక్సీకి తెలియలేదు. ఈ మూడింటిని వేరుచేసి చూడగలిగితే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే మొదటిదానికి చేసే వైద్యం మూడోదానికి పనిచేయదు.

ఎక్కువసార్లు తగిలే తప్పు అతికించడంలో జరుగుతుంది. ఒక అమ్మకందారు చిరునామా, పోర్టు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అనే వరుసలో ఇస్తే, మరొకరు యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ముందు పెట్టి, యాట్ గుర్తు (@) తర్వాత చిరునామా ఇస్తారు. వాట్సాప్ నుంచి కాపీ చేసినప్పుడు చివర ఒక ఖాళీ కూడా కలిసి వస్తుంది, అది కంటికి కనిపించదు. పాస్‌వర్డ్‌లోనే యాట్ గుర్తో కోలనో ఉంటే మొత్తం ఒకే గడిలో అతికించవద్దు. అక్కడితో పాస్‌వర్డ్ ముగిసిందని సాఫ్ట్‌వేర్ పొరబడుతుంది. విడివిడి గడుల్లో నింపండి.

రెండో తప్పు ప్రాక్సీ రకాన్ని ఎంచుకోవడంలో జరుగుతుంది. హెచ్‌టీటీపీకి, సాక్స్5కు చాలామంది అమ్మకందారులు వేర్వేరు పోర్టులు ఇస్తారు, ఒకదాని పోర్టు మరొకదానికి పనిచేయదు. సాక్స్5 లో యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లే పద్ధతి 1996 లోనే ప్రమాణంగా వచ్చింది, కానీ క్రోమ్ దాన్ని ఇప్పటికీ అమలు చేయలేదు. యాంటీడిటెక్ట్ బ్రౌజర్లు ఆ పనిని లోపల తామే చేసుకుంటాయి కాబట్టి వాటిలో నడిచిన ప్రాక్సీ మామూలు క్రోమ్‌లో నడవకపోవచ్చు. మామూలు క్రోమ్‌లో పెట్టి చూసి ప్రాక్సీ చెడిపోయిందని నిర్ణయించకండి.

పొద్దున పనిచేసి, కరెంటు పోయి వచ్చాక ఆగిపోతే

అసలు రాయదలచుకున్నది ఇదే, ఎందుకంటే మన ప్రాంతంలో అందరి సమయాన్నీ తినేస్తున్న కారణం ఇదే. లక్షణం ఇలా ఉంటుంది: పొద్దున అన్ని ప్రొఫైళ్లూ చక్కగా తెరుచుకుంటాయి, మధ్యాహ్నం కరెంటు పోతుంది, వస్తుంది, ఆ తర్వాత ఒక్క ప్రొఫైలు కూడా కదలదు. సెట్టింగుల్లో ఎవరూ ఏదీ మార్చలేదు. మామూలు క్రోమ్‌లో ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తోంది. కాబట్టి అందరూ అమ్మకందారునే తిడతారు, ఆయనేమో తన సర్వర్లన్నీ బాగానే ఉన్నాయంటాడు. ఆయన చెప్పేది నిజమే.

కారణం గుర్తింపు పద్ధతిలో ఉంది. ప్రాక్సీ మిమ్మల్ని రెండు విధాలుగా గుర్తుపట్టగలదు: యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో, లేదా మీ ఆఫీసు ఐపీని ముందే వైట్‌లిస్టులో, అంటే అనుమతించిన ఐపీల జాబితాలో, చేర్చుకుని. రెండో పద్ధతిలో ప్రతి ప్రొఫైలులో పాస్‌వర్డ్ రాయనక్కరలేదు కాబట్టి చాలామంది దాన్నే ఎంచుకుంటారు. అయితే అది మీ ఐపీ మారదనే నమ్మకం మీద నిలబడిన పద్ధతి, మన ఇళ్లకు, చిన్న ఆఫీసులకు వచ్చే ఫైబర్ కనెక్షన్లలో ఆ నమ్మకానికి ఆధారం లేదు. రౌటర్ ఆగి మళ్లీ వెలిగిన ప్రతిసారీ కొత్తగా లాగిన్ అవుతుంది, అప్పుడు వేరే ఐపీ రావచ్చు. ప్రాక్సీ దృష్టిలో మీరు కొత్త మనిషి అవుతారు. కొందరు అమ్మకందారుల సర్వర్లు 407 అని స్పష్టంగా చెబుతాయి, కొన్ని 403 (అనుమతి లేదు) అంటాయి, మరికొన్ని జవాబే ఇవ్వకుండా కనెక్షన్ తెంపేస్తాయి. ఈ చివరిదే మనుషుల్ని ఎక్కువగా తప్పుదారి పట్టిస్తుంది.

దీన్ని ఒకసారి దగ్గరగా చూడండి. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా అది ఆగదు, రౌటర్ మాత్రం ఆగిపోతుంది. పని ఆగకూడదని ఎవరో ఫోన్‌లో హాట్‌స్పాట్ తెరుస్తారు, ల్యాప్‌టాప్ దానికి అతుక్కుంటుంది. కాసేపటికి కరెంటు వస్తుంది, రౌటర్ దీపాలన్నీ పచ్చగా వెలుగుతాయి, అందరూ ఆఫీసు వైఫై మీదే ఉన్నామనుకుంటారు. ల్యాప్‌టాప్ మాత్రం ఇంకా ఫోన్ మీదే, అంటే ఫోన్ ఐపీ మీదే ఉంటుంది. కింద మూలన ఉన్న వైఫై గుర్తు మీద నొక్కితే అక్కడ రౌటర్ పేరుకు బదులు ఆ ఫోన్ పేరు కనిపిస్తుంది. ఇంత చిన్న పరీక్షను దాటేసి గంటల తరబడి ప్రొఫైళ్లు తవ్వుతూ కూర్చుంటే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ గంటలు ఖాతాదారు పని చేయవలసిన గంటలు.

ఇక ఐపీ మారిందని పట్టుకున్నవారు కూడా దాన్ని సరిచేసేటప్పుడు మరో రెండు గోతుల్లో పడతారు. మొదటిది: అమ్మకందారు ప్యానెల్‌ను (ఆయన సైటులో మీ ఖాతా పేజీని) వేరే ప్రాక్సీతో ఇంకా నడుస్తున్న ప్రొఫైలులో తెరిచి, ప్రస్తుత ఐపీని చేర్చు అనే మీట నొక్కడం. ప్యానెల్‌కు అప్పుడు కనిపించేది ఆ ప్రాక్సీ ఐపీ కాబట్టి అదే జాబితాలో చేరుతుంది, ఆఫీసు ఐపీ బయటే ఉండిపోతుంది. వైట్‌లిస్టు తెరిచి, అందులోని చిరునామాల్లో మీ ప్రాక్సీ చిరునామా ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే జరిగింది ఇదే. ప్యానెల్‌ను ఎప్పుడూ ప్రాక్సీ లేని మామూలు బ్రౌజర్‌లోనే తెరవాలి. రెండోది: ఐపీ చూపించే సైటులో కనిపించిన పొడవాటి ఐపీవీ6 (కొత్త రకం ఐపీ) చిరునామాను చేర్చడం. ప్రాక్సీ సర్వర్‌కు ఐపీవీ4 (పాత రకం, పొట్టి ఐపీ) చిరునామా మాత్రమే ఉంటే మీ కంప్యూటర్ దాని దగ్గరకు ఐపీవీ4 మీదనే వెళుతుంది, చేర్చిన ఐపీవీ6 చిరునామాకు పనే ఉండదు. కర్ల్‌కు మైనస్ 4 (-4) ఇచ్చి, ఈసారి ప్రాక్సీ లేకుండా, అదే సైటును అడిగితే అసలు చేర్చవలసిన చిరునామా వస్తుంది.

అప్పటికీ కుదరకపోతే మీ కనెక్షన్ సీజీన్యాట్ (ఒకే బయటి ఐపీని పలు కనెక్షన్లకు పంచే ఏర్పాటు) వెనుక ఉందేమో చూడాలి. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి కేటాయించే ఐపీవీ4 చిరునామాలు 2011 ఏప్రిల్‌లోనే దాదాపు అడుగంటాయి, అందువల్ల చాలా కనెక్షన్లలో ఒకే బయటి ఐపీని ఎన్నో ఇళ్లు పంచుకుంటున్నాయి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఆపరేటర్ మీ రౌటర్‌కు ఇచ్చిన ఐపీ) 100.64 నుంచి 100.127 వరకు ఉండే అంకెలతో మొదలైతే అది ఇందుకోసమే 2012 లో కేటాయించిన వరుస, ఇక సందేహం అక్కరలేదు. వేరే అంకెలున్నా, వ్యాన్ ఐపీ, బయట కనిపించే ఐపీ వేర్వేరుగా ఉంటే అనుమానించవలసిందే. ఇలాంటి కనెక్షన్లలో రౌటర్ ఆగకపోయినా ఐపీ మారవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, మీరు వైట్‌లిస్టులో పెట్టిన ఐపీ మీ ఒక్కరిది కాదు. అదే ఐపీ పంచుకునే ఎవరికైనా మీ ప్రాక్సీ చిరునామా, పోర్టు తెలిస్తే పాస్‌వర్డ్ లేకుండానే వాడుకోగలరు, మీరు డబ్బు పెట్టి కొన్న డేటా వారు ఖర్చుచేస్తారు, వారు చేసే పనులు మీ పేరు మీద నమోదవుతాయి.

రెండు కనెక్షన్లను ఒకే రౌటర్‌కు కలిపి భారం పంచుకునేలా పెట్టిన ఆఫీసుల్లో ఈ సమస్య ఇంకా విచిత్రంగా కనిపిస్తుంది. ఒక ప్రొఫైలు తెరుచుకుంటుంది, పక్కది తెరుచుకోదు, రిఫ్రెష్ చేస్తే అది వస్తుంది, ఇది పోతుంది. కరెంటుతో సంబంధం లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఒక కనెక్షన్ ఐపీ జాబితాలో ఉంది, రెండోది లేదు, అంతే. రెండింటినీ చేర్చండి, లేదా ప్రాక్సీ చిరునామాకు వెళ్లేదంతా ఒకే కనెక్షన్ మీదుగా పోయేలా రౌటర్‌లో నియమం రాయండి.

పరిష్కారం విషయంలో నా అభిప్రాయం స్థిరంగా ఉంది: స్టాటిక్ ఐపీ (ఎప్పుడూ మారని ఐపీ) లేనివారు వైట్‌లిస్టు పద్ధతిని పూర్తిగా వదిలేసి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పద్ధతికి మారాలి. ప్రొఫైళ్లన్నిటిలో ఒకసారి నింపడానికి పట్టే శ్రమ, ప్రతి వానాకాలం ఈదురుగాలికి తీగలు తెగినప్పుడల్లా పడే శ్రమ ముందు లెక్కలోకి రాదు. మారాక పాత వైట్‌లిస్టును ఖాళీ చేయడం మరవకండి, ఎందుకంటే కొన్నిచోట్ల జాబితాలో ఐపీ ఉన్నంతకాలం పాస్‌వర్డ్ లేకుండా వచ్చేవారికీ దారి తెరిచే ఉంటుంది. అమ్మకందారు వైట్‌లిస్టు ఒక్కటే ఇస్తానంటే మీ కేబుల్ ఆపరేటర్‌ను స్టాటిక్ ఐపీ అడగండి. అడిగేటప్పుడు బయటకు కనిపించే స్టాటిక్ ఐపీ కావాలని స్పష్టంగా చెప్పండి, లేకపోతే లోపలి నెట్‌వర్క్‌లో మారని ఐపీ ఇచ్చి అదే స్టాటిక్ అంటారు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టడం మంచిదే, కానీ మీ వీధిలోని ఆపరేటర్ పెట్టెకు కరెంటు లేకపోతే మీ యూపీఎస్ ఏమీ చేయలేదు, కాబట్టి దాన్నే పరిష్కారంగా నమ్ముకోవద్దు.

ప్రాక్సీ పెట్టినా సొంత ఐపీ కనిపిస్తుంటే

ప్రొఫైలులో వెబ్‌ఆర్‌టీసీ అమరికను చూడండి. వీడియో కాల్స్ కోసం బ్రౌజర్‌లో ఉండే ఈ సదుపాయం యూడీపీ (డేటాను పంపే ఒక పద్ధతి) మీద నడుస్తుంది, హెచ్‌టీటీపీ ప్రాక్సీ యూడీపీని మోయదు, అందువల్ల అది ప్రాక్సీని దాటుకుని నేరుగా వెళ్లి మీ ఆఫీసు ఐపీని బయటపెట్టగలదు. ఆ ప్రొఫైలులో వీడియో కాల్స్ అవసరం లేకపోతే దాన్ని ఆపేయడమే మేలు. సాక్స్5 వాడుతుంటే సైట్ల పేర్లను వెతికే పని కూడా ప్రాక్సీ చివరనే జరిగేలా చూడాలి. ఫైర్‌ఫాక్స్‌లో దీనికి వేరే టిక్కు ఉంటుంది. కర్ల్‌లో సాక్స్5 చివర హెచ్ (socks5h) చేర్చాలి.

ఖాతా మాటిమాటికీ లాగౌట్ అవుతుంటే

మీరు కొన్నది మారుతూ ఉండే ప్రాక్సీ కావచ్చు. అలాంటివాటిలో ప్రతి కనెక్షన్‌కూ ఐపీ మారుతుంది, ఏ సైటుకైనా అది అనుమానాస్పదంగానే కనిపిస్తుంది. ఒకే ఐపీ కొంతసేపు నిలవాలంటే యూజర్ నేమ్ చివర సెషన్ సంఖ్య చేర్చమని చాలామంది అమ్మకందారులు చెబుతారు. ఆ సంఖ్య ప్రొఫైలుకొకటిగా ఉండాలి. ఒకే వరుసను అన్ని ప్రొఫైళ్లలో అతికిస్తే ఖాతాదారులందరూ ఒకే ఐపీ మీద నడుస్తారు, విడివిడి ప్రొఫైళ్లు పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది. ఖాతా నడపడానికైతే మారని ప్రాక్సీనే కొనుక్కోండి.

మిగిలినవి

గడియారం తప్పితే సర్టిఫికెట్ తేదీ సరిగా లేదని వస్తుంది. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు సెల్ మార్చండి. జర్మనీ ప్రాక్సీ పెట్టి ప్రొఫైలు టైమ్ జోన్ మన దేశానిదే ఉంచితే ప్రకటనలు చూసేటప్పుడు తేడా వస్తుంది. ఐపీని బట్టి నిర్ణయించు అనే ఎంపిక పెట్టండి. ముంబై ప్రాక్సీ అయితే దేశమంతా ఒకటే సమయం కాబట్టి ఆ బాధ లేదు. యాంటీవైరస్ అడ్డుకోవడం అరుదు. ఉచిత ప్రాక్సీల జాబితాల గురించి నన్ను అడగవద్దు, ఖాతాదారు లాగిన్‌ను ముక్కూముఖం తెలియనివారి సర్వర్ గుండా పంపడం తప్పు.

ఇవన్నీ చూసినా తేలకపోతే అమ్మకందారుకు రాయండి, కానీ పనిచేయడం లేదు అని మాత్రమే రాయకండి. కర్ల్ చూపించిన జవాబును పాస్‌వర్డ్ చెరిపి అతికించండి, ఆ సమయాన్ని నిమిషంతో సహా రాయండి, ఆ క్షణంలో బయట కనిపించిన మీ ఐపీవీ4 చిరునామాను చేర్చండి. ఈ మూడూ ఉంటే ఆయన తన సర్వర్ లాగ్‌లో మీ కనెక్షన్‌ను వెతికి, అది ఎందుకు తిరస్కరణకు గురైందో చెప్పగలడు.