మడత చాకు పాఠాలు - 4: పిడి మార్పు, బ్లేడు సంగతి

పోయిన పాఠంలో చాకు విప్పి, కడిగి, ఇరుసు దగ్గర చుక్క నూనె వేసి మళ్ళీ బిగించాం. ఆ పని చేతికి అలవాటైనవాళ్ళకే ఈ పాఠం. ఇంకా తడబడుతున్నవాళ్ళు పాత చాకు ఒకటి పట్టుకొని మూడు నాలుగు సార్లు విప్పి బిగించి రండి, తొందరేమీ లేదు.

ఈసారి పిడి చెక్కలు మారుస్తాం, అంటే పిడికి రెండు వైపులా ఉండే పలకలు. దేనితో చేసినా వాటిని చెక్కలనే అందాం. ఆ తర్వాత బ్లేడు మార్చాలా వద్దా అన్నది తేల్చుకుంటాం. మొదటిది ఇంట్లో కూర్చొని చేసుకునే పనే. రెండోదాంట్లో చేతిపని తక్కువ, ఆలోచన ఎక్కువ. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. పేరున్న స్టీలు కోసం నెలల తరబడి వెతుకుతారు గానీ, చెమట చేతిలో సబ్బుబిళ్ళలా జారే ప్లాస్టిక్ పిడిని మాత్రం ఏళ్ళకేళ్ళు భరిస్తారు.

సీమ, కత్తి అన్న మాటలు పక్కపక్కన కనబడితే సినిమా వేటకొడవళ్ళు గుర్తొచ్చేవాళ్ళు ఉంటారు కాబట్టి ఒక మాట. మనది మూడు అంగుళాల చాకు. అనంతపురంలో నేను దాన్ని వాడేది చీనీకాయ (బత్తాయి) కోయడానికి, డ్రిప్ పైపు తెంపడానికి, బస్తా కుట్టు విప్పడానికి. అంతే.

ముందు మీ చాకు ఏ రకమో చూసుకోండి. పిడి మీద స్క్రూలు కనబడితే ఈ పాఠం మీకే. నక్షత్రం గుర్తున్న ఆ స్క్రూలు ఎక్కువగా టి6, టి8 సైజులు. ఎర్ర పిడి స్విస్ చాకుల్లో చెక్కలు లోపలి రివెట్ల తలల మీద నొక్కి కూర్చోబెట్టి ఉంటాయి, పల్చటి రేకుతో మెల్లగా లేపితే ఊడొస్తాయి. అసలు రివెట్ కొట్టి బిగించిన పాతకాలం చాకులైతే ఈసారికి పక్కన పెట్టండి.

స్క్రూ తిరక్కపోతే బలం చూపించకండి. ఫ్యాక్టరీలో వాటికి గమ్ పెట్టి బిగిస్తారు. నా మొదటి చాకుకి ఈ సంగతి తెలియక, స్క్రూ తల గుండ్రంగా అరిగిపోయేదాకా తిప్పాను. తర్వాత డ్రిల్లు పెట్టి తీయాల్సి వచ్చింది. సోల్డరింగ్ ఐరన్ మొన స్క్రూ తల మీద అర నిమిషం ఆనించండి. గమ్ మెత్తబడి స్క్రూ తిరుగుతుంది. పిడి ప్లాస్టిక్‌దైతే మాత్రం మొన దానికి తగలనివ్వొద్దు.

ఇక దేనితో చేద్దాం? బజార్లో మంచి చాకులకు ఎక్కువగా కనిపించేది జి10. గాజునూలు గుడ్డను ఎపాక్సీలో తడిపి, పొరలు పొరలుగా నొక్కి చేసిన పలక. నీళ్ళు పీల్చదు, ఎండకు వంగదు. రెండోది మికార్టా. ఈ పేరు వినగానే ఏదో విదేశీ సరుకని భయపడతారు గానీ, అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ దాన్ని తయారుచేసిందే కరెంటు సామాన్లలో వాడటానికి. గుడ్డకో కాగితానికో ఫినాలిక్ రెజిన్ పట్టించి, వేడిచేసి నొక్కుతారు. మన దగ్గర దాని చుట్టం పేరు హైలం షీటు. బోరు మోటార్లు కాలిపోని ఊరు ఈ జిల్లాలో లేదు కాబట్టి మోటారు వైండింగ్ షాపు లేని ఊరూ ఉండదు. అక్కడ అడిగితే చిన్న ముక్క దొరుకుతుంది. కొనేముందు అంచు చూడండి. గుడ్డ నేత కనిపిస్తే తీసుకోండి. కాగితం రకమైతే డ్రిల్లు పెట్టేటప్పుడు పెచ్చులు లేస్తుంది. నా ఓటు గుడ్డ హైలంకే. చేతి చెమట, జిడ్డు పట్టేకొద్దీ రంగు ముదురుతుంది, పట్టు ఇంకా బాగుంటుంది.

చెక్క కావాలంటారా? చింత చేవ, తుమ్మ చేవ రెండూ గట్టివే. కానీ కోసిన వెంటనే వాడొద్దు. అనంతపురం వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ, ఎండాకాలం గాలి పొడి సంగతి మీకు తెలిసిందే. పచ్చి చెక్కతో పిడి చేస్తే మే నెలకల్లా ఎండి కుంచించుకుపోతుంది, స్క్రూ దగ్గర పగులిస్తుంది. పాత బండి చక్రం ముక్కో, విరిగిన మేడి ముక్కో దొరికితే అంతకన్నా మంచిది లేదు, ఎండాల్సిందంతా ఎప్పుడో ఎండి ఉంటుంది. పైపూతకు అవిసె నూనె వాడండి, అది గాలికి ఆరి గట్టిపడుతుంది. ఇంట్లో ఉంది కదా అని వేరుశనగ నూనె రాస్తే ఎన్నాళ్ళయినా ఆరదు, జిగటపట్టి దుమ్మును లాక్కుంటుంది. ఇంకో జాగ్రత్త, అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయొద్దు. ఆరేటప్పుడు దానంతట అదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి తీగ మీద ఆరేయండి.

ఎర్రచందనం ముక్క ఉందని ఎవరైనా చెవిలో ఊదితే దణ్ణం పెట్టి వచ్చేయండి. కడప వైపు కొండల్లో తప్ప సహజంగా పెద్దగా ఎక్కడా పెరగని చెట్టది. కాగితాలు లేని ముక్క ఎంత చిన్నదైనా కేసే. దుప్పి కొమ్ము కూడా అంతే, 1972 వన్యప్రాణి చట్టం దాన్ని అమ్మనివ్వదు, కొననివ్వదు. కొమ్ము పిడి మీద మోజుంటే బర్రె కొమ్ము వాడుకోండి. కాకపోతే వేడికి వంగుతుంది, పురుగు పట్టే అవకాశమూ ఉంది. ఇత్తడి చూడ్డానికి అందం, జేబులో మాత్రం బరువు. జి10 కన్నా నాలుగు రెట్లకు పైనే తూగుతుంది. టైటానియం తేలిక, గట్టిది, కానీ ఇంట్లో ఆకురాయితో అరగదీసే సరుకు కాదు.

ఇప్పుడు చేతిపని. పాత చెక్క మందం వెర్నియర్‌తో కొలవండి. ఈ అంకె మీదే అంతా నడుస్తుంది. కొత్త చెక్క పాతదానికన్నా 0.2 మిల్లీమీటరు మందమైనా స్క్రూ అందాల్సిన మర అందదు, పల్చనైతే స్క్రూ మొన అవతలికి పొడుచుకొస్తుంది. కాబట్టి కొంచెం మందంగా ఉన్న ముక్కే తెచ్చుకొని అరగదీస్తూ సరిచేద్దాం.

అరగదీయడానికి చదునైన నేల కావాలి. అది మన వంటింట్లోనే ఉంది, పాలిష్ పట్టిన నల్ల కడప బండ. తాడిపత్రి వైపు పాలిష్ యూనిట్లలో విరిగిన ముక్క అడిగినా ఇస్తారు. వాటర్ పేపరును, అంటే తడిపి వాడే గరుకు కాగితాన్ని, తడిపి బండ మీద పరవండి, అది అతుక్కున్నట్టు కూర్చుంటుంది. చెక్కను దానిమీద ఎనిమిది అంకె గీస్తున్నట్టు తిప్పండి. 120 నంబరుతో మొదలుపెట్టి 220, 400, చాలనుకుంటే అక్కడే ఆగండి. నేను 600 దాకా వెళ్ళి, పిడి మరీ నున్నగా అయి మళ్ళీ 400కి వెనక్కి వచ్చాను. జి10, హైలం రెండింటినీ తడిపే అరగదీయాలి, మాస్కు కట్టుకోవాలి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు.

వరుస మరవొద్దు, ముందు రంధ్రాలు, ఆ తర్వాతే ఆకారం. రెండు కొత్త పలకలను డబుల్ సైడ్ టేపుతో ఒకదానికొకటి అతికించి, పైన పాత చెక్కను పెట్టి, ముందు ఇరుసు రంధ్రం వేయండి. అందులో పిన్ను దూర్చి ఉంచి మిగతావి వేస్తే ఏదీ పక్కకు కదలదు. ఆకారం ముందే కోసేసి తర్వాత రంధ్రం వేసినవాళ్ళకు అది అర మిల్లీమీటరు పక్కకు పోతుంది, అప్పుడు చాకు మూసేటప్పుడు బ్లేడు లోపలి రేకుకు రాసుకుంటుంది. గీత బయట ఒక మిల్లీమీటరు వదిలి రంపంతో కోయండి, మిగిలింది ఆకురాయి చూసుకుంటుంది.

ఇక బ్లేడు. మూడు సంగతులు గుర్తుంటే కేటలాగులోని అంకెలు భయపెట్టవు. కార్బన్ ఎక్కువైతే గట్టిదనం వస్తుంది. క్రోమియం తగినంత ఉంటే తుప్పు ఆగుతుంది. ఈ రెండింటి కన్నా ముఖ్యం, ఎలా కాల్చారు, ఎలా చల్లార్చారు అన్నది. 1095 అనే స్టీల్లో కార్బన్ 0.95 శాతం, క్రోమియం లేనట్టే లెక్క. పదును సులువుగా వస్తుంది, కానీ ఇనుప కత్తిపీట మీద పచ్చిమామిడి తరిగినట్టే నల్లబడుతుంది. చీనీ తోటలో రోజూ వాడితే తుడవడం మరిచిన రోజున తుప్పు. డి2లో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 దాకా. పదును బాగా నిలుస్తుంది, కానీ అది పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, ఒకసారి మొద్దుబారితే మామూలు సానరాయి మీద విసిగిస్తుంది. స్విస్ చాకులవాళ్ళు గట్టిదనం రాక్‌వెల్ లెక్కలో 55-56 దగ్గరే ఉంచుతారు. తక్కువే. కానీ చాయ్ కప్పు అడుగు మీద రాసినా పదును తిరిగొస్తుంది, తుప్పు పట్టదు. తోట పనికి నేను దానికే మొగ్గుతాను. గుడ్డ సంచులు, అట్టపెట్టెలు రోజంతా కోసేవాళ్ళకు డి2 సరి.

లారీ కమాను పట్టీతో బ్లేడు కొట్టించుకుంటానని చాలామంది అడుగుతారు. అందులో కార్బన్ సుమారు 0.6 శాతం. కొడవలికి భేషైన సరుకు, దెబ్బకు విరగదు. పల్చటి చాకు బ్లేడుకు అంత బాగా పదును నిలపదు. పైగా మడత చాకులో బ్లేడు మడమ, అంటే ఇరుసు వైపు చివర, తెరిచిన బ్లేడును మడవకుండా ఆపే తాళం రేకు మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలి. కూర్చోకపోతే కోస్తుండగానే మడుచుకొని మీ వేళ్ళ మీదికి వస్తుంది. అందుకే బ్లేడు మార్చాలంటే అదే మోడల్ కోసం కంపెనీ అమ్మే బ్లేడే కొనండి. లేదంటే చాకే మార్చండి.

ఉన్న బ్లేడుకు చేయగలిగిన మేలు ఒకటుంది, అంచు వెనక మందం తగ్గించడం. సానరాయి మీద ఒక్కో వైపు 20 డిగ్రీలకు బదులు 15 పెట్టి ఓపిగ్గా నూరితే, పాత స్టీలే కొత్తగా కోస్తుంది. చేత్తోనే నూరండి. నేనొకసారి తొందరపడి గ్రైండర్ చక్రానికి పెట్టాను. అంచు నీలం తిరిగింది. మా వీధి చివర కమ్మరి పెద్దాయనకు చూపిస్తే వేలితో కూడా ముట్టలేదు.

"ఏమబ్బీ, నీలం తిరిగినాక ఇంకేముంది? దాని పదునంతా పాయ. ఆ ముక్క అరగదీసి పారేయ్యి."

నీలం అంటే ఇంచుమించు 300 డిగ్రీలు. మామూలు కార్బన్ స్టీలు అక్కడికి చేరేసరికి గట్టిదనం దిగిపోతుంది. పెద్దాయన చెప్పినట్టే రెండు మిల్లీమీటర్లు సానరాయి మీద అరగదీశాను, చేత్తోనే, మూడు సాయంత్రాలు పట్టింది.

వచ్చే పాఠం రివెట్ చాకులు. దానికి పాత రివెట్ చాకు ఒకటి, రెండు మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ జానెడు సిద్ధం చేసుకోండి. కడ్డీ ఎక్కడా దొరక్కపోతే గ్యాస్ వెల్డింగ్ షాపులో పైపూత లేని బ్రేజింగ్ రాడ్డు అడగండి.