పోలీసుల మీద మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు: దరఖాస్తు ఎలా పెట్టాలి

స్టేషన్‌లో కొట్టినా, 24 గంటలు దాటినా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచకపోయినా, అరెస్టు చూపకుండా నిర్బంధించినా కమిషన్‌కు వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తెలుగులోనే రాయవచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేరాలి. మానవ హక్కుల పరిరక్షణ చట్టం, 1993లోని 36(2) సెక్షన్ పెట్టిన గడువు ఇది.

ఏడాది ఉంది కదా అని ఆగితే నష్టపోయేది మీరే. ఫారం కంటే ముందు సాక్ష్యం కాపాడుకోవాలి.

మొదటిది సీసీటీవీ. లాకప్, వరండా, రాకపోకల ద్వారాలు, ఎస్సై గది అన్నిటా కెమెరాలు ఉండాలని, వాటిలో శబ్దం కూడా రికార్డు కావాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. రికార్డింగును 18 నెలలు, పరికరాలకు ఆ సామర్థ్యం లేకపోతే కనీసం ఏడాది ఉంచాలంది. ఆచరణలో 'కెమెరా పనిచేయలేదు' అన్న జవాబే ఎక్కువగా వస్తుంది. అందుకే బయటికి వచ్చిన రోజే స్టేషన్ హౌస్ ఆఫీసరుకు, ఎస్పీకి స్పీడ్ పోస్టులో ఇలా రాయండి: 'ఫలానా తేదీ ఉదయం 10 నుంచి మర్నాడు రాత్రి 8 వరకు ప్రధాన ద్వారం, లాకప్, వరండా, ఎస్సై గది కెమెరాల రికార్డింగును శబ్దంతో సహా చెరపకుండా భద్రపరచండి.' పోస్టు రశీదు దాచుకోండి. ఆ ఉత్తరం అందాక ఫుటేజీ పోయిందంటే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లు.

రెండోది వైద్య పరీక్ష. అరెస్టయినవారిని డాక్టరు పరీక్షించి గాయాలు రాయాలి, నివేదిక ప్రతి ఇవ్వాలి (నేర విచారణ విధానాన్ని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్ఎస్ఎస్, 53వ సెక్షన్). పక్కన కానిస్టేబుల్ నిలబడి ఉంటే చాలామంది భయపడి 'జారిపడ్డాను' అనేస్తారు. ఆ ఒక్క మాట కాగితం మీదికెక్కితే తర్వాత ఎంత చెప్పినా తేలిగ్గా చెరగదు. డాక్టరుకు చెప్పలేకపోతే రిమాండు వేళ మేజిస్ట్రేటుకు చెప్పి, రికార్డు చేయమని అడగండి. విడుదలయ్యాక ప్రభుత్వాసుపత్రి ఓపీ చీటీ, తేదీ కనిపించే గాయాల ఫొటోలు తీసి ఉంచండి.

ఇక ఎక్కడ పెట్టాలి? జాతీయ కమిషన్ హెచ్ఆర్‌సీనెట్ పోర్టల్‌లో గానీ పోస్టులో గానీ ఇవ్వవచ్చు, హెల్ప్‌లైన్ 14433. లేదా రాష్ట్ర కమిషన్‌కు. రెండింటిలో ఒక్కచోటే పెట్టండి. బలం ఎక్కువవుతుందని ఇద్దరికీ పంపడం తరచుగా జరిగే పొరపాటు: రాష్ట్ర కమిషన్ చేతిలో ఉన్నదాన్ని జాతీయ కమిషన్ విచారించదు. కోర్టులో నడుస్తున్న విషయాన్నీ, సంతకం లేని ఫిర్యాదునూ, ఆస్తి తగాదానూ సాధారణంగా తీసుకోరు. మీ మీద పోలీసులు పెట్టిన కేసు వేరు, మీపై జరిగిన హింస వేరు. ఫిర్యాదులో హింస గురించే రాయండి.

'పోలీసులు చిత్రహింసలు పెట్టారు' అని రాస్తే చాలదు. 'సాయంత్రం 6 గంటలకు మఫ్టీలో నలుగురు ఇంటికొచ్చారు, అరెస్టు మెమో ఇవ్వలేదు, రాత్రి 11కి ఎస్సై గదిలో అరికాళ్ల మీద లాఠీతో కొట్టారు' అని వరుసగా, ఒకటిన్నర పేజీలో రాయండి. పేరు తెలియకపోతే హోదా, ఆనవాళ్లు చాలు. చివర ఏం కోరుతున్నారో స్పష్టంగా చెప్పండి: పరిహారం, బాధ్యులపై కేసు, ఫుటేజీ తెప్పించడం, ఆ స్టేషన్ సిబ్బందికి మానవ హక్కుల శిక్షణ. చివరిది అలంకారం కాదు. ఒక ఎస్సైని బదిలీ చేస్తే అలవాటు పక్క స్టేషన్‌కు పోతుంది, అంతే.

ఫిర్యాదు అందినట్టు ముందు డైరీ నంబరు, తర్వాత కేసు నంబరు వస్తుంది. కమిషన్ సాధారణంగా ముందు పోలీసు శాఖనే నివేదిక అడుగుతుంది. అందులో మీ ఆరోపణ అబద్ధమని ఉంటే కంగారుపడకండి. నివేదిక మీకు పంపి అభిప్రాయం అడిగినప్పుడు, ఆ ఉత్తరంలోని గడువులోపు పేరాల వారీగా జవాబివ్వండి. జవాబు రాలేదని మూతపడే ఫైళ్లుంటాయి. చిరునామా మారితే వెంటనే తెలియజేయండి.

కమిషన్ ఇచ్చేది సిఫార్సు. దానిపై ప్రభుత్వం నెలలోపు స్పందించాలి. పోలీసుల మీద ఫిర్యాదులు చూసేందుకే మరో సంస్థ, పోలీసు ఫిర్యాదుల అథారిటీ, ఉండాలని పోలీసు సంస్కరణలపై ప్రకాశ్ సింగ్ వేసిన కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు చెప్పింది. దాని సిఫార్సులైతే అధికారులు పాటించి తీరాలి. డీఎస్పీ వరకు జిల్లా అథారిటీ, ఎస్పీ ఆపైన రాష్ట్ర అథారిటీ చూడాలన్నది ఆ తీర్పు. మీ జిల్లాలో అది పనిచేస్తోందో లేదో కలెక్టరేట్‌లో అడిగి, ఆ తర్వాతే ఎటు వెళ్లాలో తేల్చుకోండి.