కదలని పాత కారుకు డ్రమ్ బ్రేకులు చూసుకోవడం

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు ఇంటి ముందు కవరు కప్పి ఉంచే పాత అంబాసిడర్, పద్మిని కార్లకు బ్రేక్ లైనింగ్ (డ్రమ్ముకు రాసుకుని బండిని ఆపే పొర) అరగడం పెద్ద సమస్య కాదు, అసలు బండి తిరిగితే కదా అరగడానికి. వాటిని పాడుచేసేది తేమ. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాంతో చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో షూలను తోసే వీల్ సిలిండర్ లోపల తుప్పు పట్టి పిస్టన్ బిగుసుకుపోతుంది, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో అయితే షూలు (లైనింగ్ అతికించిన వంపు పలకలు) చక్రంతో తిరిగే డ్రమ్ముకే అతుక్కుపోతాయి. అందుకే లైనింగ్ మందం చూసి బాగుందిలే అనుకోవద్దు.

విప్పని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, జాకీ ఎత్తాక కింద స్టాండు కూడా పెట్టండి. వెనక చక్రమైతే హ్యాండ్ బ్రేక్ దించాలి. డ్రమ్ము ఊడకపోతే ఇనప సుత్తితో బాదకండి, పోత ఇనుము, పగులుతుంది. షూలకు, డ్రమ్ముకు మధ్య సందు సరిచేసే అడ్జస్టర్ వెనక్కి తిప్పి షూలు వదులు చేసి చెక్క సుత్తితో చుట్టూ తట్టండి.

లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదేస్తుంటారు చాలా షెడ్లలో. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తులకు ప్రమాదం, మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

ఇప్పుడు సిలిండర్ రబ్బరు బూటు అంచు ఎత్తి చూడండి. లోపల ఆయిల్ ఉంటే కారుతున్నట్టే. సిలిండర్ గోడకు గుంటలు పడితే కొత్త రబ్బర్ల కిట్టు వేసి లాభం లేదు, డబ్బులు దండగ, సిలిండరే మార్చాలి. రబ్బర్లు కడగడానికి బ్రేక్ ఆయిలే వాడండి, పెట్రోలు, కిరోసిన్ తగిలితే ఉబ్బుతాయి. ఆయిల్ తాగిన లైనింగ్ ఎండబెట్టినా పనికిరాదు, ఎడమా కుడీ కలిపే మార్చాలి, లేకపోతే బ్రేక్ వేయగానే బండి ఒక పక్కకు లాగుతుంది. విప్పడం మాత్రం ఒక్కో చక్రమే, స్ప్రింగు ఎక్కడ తగిలించాలో రెండో చక్రం చూసి సరిపోల్చుకోవచ్చు.

బిగించాక చక్రం ఆగేదాకా అడ్జస్టర్ తిప్పి, మళ్లీ సులువుగా తిరిగేంత వదలండి. బ్రేక్ పైపుల్లో చేరిన గాలి తీసేది మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ నొక్కితే ఆయిల్‌ను చక్రాలకు తోసేది) అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం నుంచి, మాస్టర్ సిలిండర్‌కు ఆయిల్ ఇచ్చే సీసా ఖాళీ కానివ్వొద్దు. ఆయిల్ రెండేళ్లకోసారి మార్చండి, బండి తిరక్కపోయినా సరే.

అక్టోబరు, నవంబరు వానల్లో నీళ్లలోంచి వచ్చారంటే డ్రమ్ములు తడిసి బ్రేకులు సరిగా పట్టవు. మెల్లగా పోతూ పెడల్ తేలిగ్గా నొక్కి ఆరబెట్టుకున్నాకే హైవే ఎక్కండి.