చెవికి వినపడుతుంది, మాటే అందదు

మా మనవడికి ఎనిమిదేళ్లు. వినికిడి పరీక్షలో అంతా బాగానే ఉంది. అయినా వంటింట్లోంచి ఏదైనా చెబితే "ఆఁ? ఏంటమ్మమ్మా?" అంటాడు. చెవిన పడ్డ మాటను మెదడు సరిగా విడదీసుకోలేకపోవడం వాడి ఇబ్బంది. దీన్ని ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అంటారు. దీనికోసం చేసే పరీక్షలు సాధారణంగా ఏడేళ్లు నిండాకే. ఈలోపు పిల్లాణ్ణి సతాయించకుండా ముందు ఇంట్లో చప్పుళ్ల సంగతి చూడండి.

మిక్సీ, కుక్కర్ విజిల్, సీరియల్ అన్నీ ఒకేసారి మోగుతున్నా మనం మాటను ఏరుకుంటాం. వాడికి అంతా కలగాపులగం. అందుకే మా ఇంట్లో హోంవర్క్ వేళకు ముందే పచ్చడి రుబ్బేస్తాను, టీవీ కట్టేస్తాను. టైల్స్ గదిలో మాట గింగురుమంటుంది కాబట్టి కింద పాత బొంత పరిచి, కిటికీకి మందపాటి కర్టెన్ వేశాం. స్కూలు నుంచి రాగానే పుస్తకం తీయమనకండి. పొద్దున్నుంచీ చెవులు రిక్కించి అలిసిపోయి ఉంటాడు.

కేకేసి చెప్పడం దండగ. దగ్గరికెళ్లి, భుజం తట్టి, మన వైపు తిరిగాకే నోరు విప్పాలి. "స్నానం చేసి, యూనిఫాం వేసుకుని, బ్యాగు సర్దుకుని రా" అంటే చివరి ముక్కే మిగులుతుంది. ఒక్కోటీ చెప్పండి. "విన్నావా?" అంటే ఏ పిల్లాడైనా ఊఁ కొడతాడు, "ఏం చెయ్యమన్నాను?" అని అడగండి. అందకపోతే అదే మాట గట్టిగా అరవకుండా, నిదానంగా వేరే మాటల్లో చెప్పండి.

మాకు బాగా పనికొచ్చింది బొమ్మల ఆట. చీటీల మీద కంప, గంప, గడి, గడ్డి బొమ్మలు గీశాను. నేను ఒక మాట అంటే వాడు ఆ చీటీ తీయాలి. క, గ పలికేటప్పుడు పైకి నోరు ఒకేలా కనిపిస్తుంది, మొహం చూసి ఊహించే వీల్లేదు. 'గడ్డి' అనేటప్పుడు ఒత్తు దగ్గర బల్ల మీద ఒక దెబ్బ వేస్తాను. డిక్టేషన్‌లో వాడికి ఎగిరిపోయేవి ఆ ఒత్తులే. పది నిమిషాలు చాలు, విసుగొస్తే ఆపేయండి.

ఫ్యానుకు దూరంగా, ముందు బెంచీలో కూర్చోబెట్టమని టీచరుగారిని అడగండి. హోంవర్క్ బోర్డు మీద రాయమనండి.

జలుబు చేసి చెవిలో నీరు చేరినా పిల్లలు ఇలాగే చేస్తారు, కాబట్టి ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. ఆ తర్వాతే ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసే నిపుణులు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ వాకబు చేయండి.